చలికి పగిలే ఒంటికి ఏది రాయాలి: చిక్కటి హెర్బల్ క్రీమా, నెయ్యా, వాజలీనా?

పిక్క మీద గోటితో గీస్తే పలక మీద బలపం గీతలా తెల్లగా నిలిచిపోతుందా? స్నానం చేసి వచ్చిన పది నిమిషాలకే ఒళ్లంతా బిగుసుకుని, చీర అంచు తగిలినా దురద పుడుతుందా? అయితే మీకు మామూలు లోషన్ చాలదు. ఇంకాస్త చిక్కటిది కావాలి. ఆ చిక్కటి వాటిలో దేన్ని ఎంచుకోవాలన్నది ఇక్కడి విషయం.

మా అమ్మ ఆదిలాబాద్‌లో ఉంటుంది. అక్కడి చలి సంగతి వేరే చెప్పక్కర్లేదు. కార్తీకం సగం దాటేసరికి ఆమె మోకాళ్ల కింద చర్మం చేప పొలుసుల్లా లేస్తుంది. రెండేళ్ల కిందట షికాగోలో ఉండే అక్క ఒక ఆకుపచ్చ ట్యూబు పంపింది. వెలెడా స్కిన్ ఫుడ్ అని, 1926 నుంచీ అమ్ముతున్న యూరప్ హెర్బల్ క్రీమ్. అమ్మ కొంచెం వేలికి తీసుకుని, రుద్ది, "ఇది క్రీమా, మైనమా?" అంది.

ట్యూబు వెనక చదివితే అమ్మ అన్నదే నిజమైంది. నీళ్ల తర్వాత వరసగా పొద్దుతిరుగుడు నూనె, లానొలిన్ (గొర్రె ఉన్ని కొవ్వు), బాదం నూనె, తేనెమైనం. ముందు వైపు అట్టహాసంగా చెప్పిన చామొమిల్, కాలెండులా, రోజ్‌మేరీ, పాన్సీ పూల సారాలన్నీ ఆ జాబితాలో బాగా కింద ఎక్కడో ఉన్నాయి. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాయాలన్నది లేబుల్ నియమం. అంటే ఆ క్రీముకి అంత చిక్కదనం, అంత పనితనం ఇచ్చేది మూలికలు కాదు, జాబితాలో వాటికి పైన ఉన్న కొవ్వూ మైనమూ.

అప్పటి నుంచి నేను ఏ హెర్బల్ క్రీమ్ కొన్నా ముందు వైపు బొమ్మ చూడటం మానేశాను. మూలిక పేరు చూసి కాదు, బేస్ చూసి, అంటే మూలికలు కలిపిన ఆ కొవ్వూ మైనమూ ఏమిటో చూసి కొనాలి. కింద చెప్పే పోలికలన్నీ ఆ లెక్కతోనే.

ఎడమ కాలు, కుడి కాలు

ఆ చలికాలమంతా అమ్మ కాళ్ల మీదా నా ముంజేతుల మీదా ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాం. ఎడమ కాలికి ఒకటి, కుడి కాలికి ఇంకొకటి, రెండు వారాలు. అదే నీళ్లు, అదే సబ్బు, అదే చలి. రెండు వారాలయ్యాక మళ్లీ గోటితో గీత. ఇది శాస్త్రం కాదు, కానీ "నాకు భలే పనిచేసింది" అని ఎవరో చెప్పిన దానికన్నా మేలు. ఎందుకంటే చాలాసార్లు క్రీమ్ మార్చిన రోజుల్లోనే చలి కూడా తగ్గి ఉంటుంది, పేరు మాత్రం క్రీముకి వస్తుంది. మీరు ఏది కొన్నా ముందు చిన్న ట్యూబు తెచ్చుకుని ఇలా ఒక కాలికే రాసి చూడండి. మోకాలి కింద కాలి ముందు భాగం ఒంట్లో చాలామందికి త్వరగా ఎండే చోటు, తేడా అక్కడే తెలుస్తుంది.

చర్మం ఎండటమంటే నూనె తగ్గడం ఒక్కటే కాదు. పై పొరలోని కణాల మధ్య సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన ఒక జిడ్డు పూత ఉంటుంది. వయసుకీ, వేడినీళ్లకీ, సబ్బుకీ అది పలచబడితే లోపలి నీరు ఆవిరైపోతుంది. కాబట్టి మనం రాసేది మూడు పనులు చెయ్యాలి. నీటిని పట్టి ఉంచాలి, అది గ్లిజరిన్, యూరియా, కొంతవరకు కలబంద గుజ్జు చేసే పని. గరుకుని మెత్తబరచాలి, అది నూనెల పని. పైన మూత పెట్టాలి, అది మైనం, లానొలిన్, పెట్రోలియం జెల్లీల పని. అన్నం గిన్నె మీద మూత తీసేస్తే పై మెతుకులు ఎలా గట్టిపడతాయో, మూత లేని చర్మమూ అంతే.

చిక్కటి హెర్బల్ క్రీమ్, మైనం లానొలిన్ ఉన్నది

అక్క పంపిన ట్యూబు ఈ రకం. ఇక్కడా షియా బటర్, కోకమ్ బటర్, తేనెమైనం బేస్‌తో చేసే చిన్న కంపెనీల క్రీములు దొరుకుతున్నాయి. బాగున్న చోట ఇవి చాలా బాగుంటాయి: మడమలు, మోచేతులు, వేళ్ల కణుపులు, గిన్నెలు తోమి పగిలిన చేతులు. రాత్రి రాసుకుని పడుకుంటే పొద్దునకి తేడా కనిపిస్తుంది. కొబ్బరి నూనె రాసిన కాలుతో పోలిస్తే దీన్ని రాసిన కాలు సాయంత్రం దాకా మెత్తగా ఉంది, నూనె రాసింది మధ్యాహ్నానికే మళ్లీ తెల్లబడింది.

బాగోని చోట్లు కూడా ఉన్నాయి. పైకి పల్చగా జారదు, కాలంతా రాయాలంటే చెయ్యి నొప్పి పుడుతుంది. వేళ్ల మధ్య కాసేపు రుద్ది వెచ్చబెట్టి రాస్తే నయం. ముఖానికి రాస్తే, ముఖ్యంగా జిడ్డు ముఖమైతే, మొటిమలు రావొచ్చు. నాకు గడ్డం మీద వచ్చాయి. లానొలిన్ గొర్రె ఉన్ని నుంచి తీసే కొవ్వు, తేనెమైనం పేరులోనే ఉంది. జంతువుల నుంచి వచ్చినవి వద్దనుకునేవాళ్లు కొనేముందే చూసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది వాసన. "సహజమైన సువాసన" అంటే సాధారణంగా లావెండర్, నారింజ తొక్క, రోజ్‌మేరీ లాంటి వాటి నూనెలు. వాటిలోని లిమొనీన్, లినలూల్ కొందరికి అలర్జీ తెస్తాయి. సహజమైనది కదా అని చర్మం ఊరుకోదు, పగిలి ఉన్న చర్మం అసలే ఊరుకోదు. ఇంకో సంగతి మన వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. చామొమిల్, కాలెండులా, ఆర్నికా ఇవన్నీ చేమంతి, బంతి కుటుంబం మొక్కలు. మన పొలాల గట్ల మీద, ఖాళీ ప్లాట్లలో పెరిగే వయ్యారిభామ కూడా అదే కుటుంబం. వయ్యారిభామ తగిలి ముఖం, మెడ, చేతుల మీద దద్దుర్లు వచ్చే అలవాటున్న వాళ్లు, పొలం పనులు చేసినవాళ్లలో ఇలాంటివారు బాగానే ఉంటారు, ఈ పూల సారాలున్న క్రీములకి దూరంగా ఉండటమే మంచిది.

మన ఆయుర్వేద ట్యూబులు

మందుల షాపులో దొరికే ఆయుర్వేద క్రీముల లేబుల్ వేరే రకం. "ప్రతి పది గ్రాములలో" అని మొదలుపెట్టి కలబంద, అశ్వగంధ, మంజిష్ఠ ఎన్ని మిల్లీగ్రాములో రాస్తారు. చివర్లో చిన్నగా "క్రీమ్ బేస్, తగినంత" అని ఉంటుంది. చిక్కంతా అక్కడే ఉంది. ట్యూబులో ఎక్కువ భాగం ఆ "తగినంత"లోనే ఉంటుంది, అది ఏమిటో మాత్రం చాలా ట్యూబుల మీద ఉండదు. అందుకని వీటిని లేబుల్ చూసి పోల్చలేం, వేలితో పోల్చాలి. చేతి వెనక కొంచెం రాయండి. నిమిషంలో ఇంకిపోయి ఏమీ లేనట్టు అయిపోతే అది ఎక్కువగా నీళ్ల క్రీమ్, పొడి చర్మానికి పగటి పూట ముఖానికి చాలు, పగిలిన కాళ్లకి చాలదు. పది నిమిషాల తర్వాత కూడా వేలికి జారుడు తెలిస్తే అందులో మూత ఉన్నట్టే.

సంస్కృతం పేర్లు చూసి కూడా మోసపోకూడదు. 1929లో కలకత్తాలో పుట్టిన బోరోలిన్ మన ఇళ్లల్లో చాలామంది వాడిన క్రీమే. దాని మీద టంకణామ్లం అంటే బోరిక్ ఆమ్లం, యశద భస్మం అంటే జింక్ ఆక్సైడ్. చిన్న గీతలకీ, పెదవి చివర పగులుకీ బాగుంటుంది. ఇలాంటి యాంటిసెప్టిక్ క్రీములని రోజూ ఒళ్లంతా రాసే మాయిశ్చరైజర్‌లా వాడకండి. బోరిక్ ఆమ్లం ఉన్నదాన్ని పసిపిల్లలకి అసలు రాయొద్దు.

నూరుసార్లు కడిగిన నెయ్యి

శతధౌత ఘృతం గురించి ఈ మధ్య అందరూ చెబుతున్నారు. రాగి పళ్లెంలో ఆవు నెయ్యి వేసి, నీళ్లు పోస్తూ అరచేత్తో రుద్దుతూ, ఆ నీళ్లు వంపేస్తూ నూరుసార్లు కడగాలి. పసుపు రంగు పోయి, నెయ్యి వాసన కూడా దాదాపు పోయి, కొట్టిన వెన్నలా తెల్లగా అవుతుంది. నేను ఒక ఆదివారం మొదలుపెట్టి అరవై దాకా లెక్కపెట్టాను. ఆ తర్వాత చెయ్యి లెక్క తప్పిందో మనసు తప్పిందో తెలీదు, మిగతాది అమ్మ పూర్తి చేసింది.

రాసుకోవడానికి ఇంత హాయిగా ఉండేది ఇంకొకటి లేదు. చల్లగా, ఒంటికి తగలగానే కరిగిపోతుంది. సువాసనలు లేవు, మంట లేదు. పెదాలకీ, కళ్ల చుట్టూ ఎండిన చోటుకీ అమ్మకి ఇదే నచ్చింది. కానీ కాళ్ల పరీక్షలో మైనం క్రీము ముందు నిలవలేదు. మూతగా దాని బలం తక్కువ. పైగా ఇందులో నీళ్లు చిక్కుకుని ఉంటాయి, నిల్వ ఉంచే మందేమీ ఉండదు. ఇంట్లో చేస్తే చిన్న సీసాలో, ఫ్రిజ్‌లో పెట్టి, పొడి చెంచాతో తీసుకుంటూ కొద్ది రోజుల్లో అయిపోగొట్టాలి. వాసన మారితే పారెయ్యడమే, నెయ్యి కదా అని మొహమాటపడొద్దు. బయట కొంటే తయారీ తేదీ, లైసెన్స్ నంబర్ చూసుకోండి. మామూలు క్రీముకి శతధౌత ఘృతం నాలుగు చుక్కలు కలిపి ఆ పేరు పెట్టినవీ ఉన్నాయి, అక్కడ కూడా అది జాబితాలో ఎన్నో స్థానంలో ఉందో చూడాల్సిందే.

వంటింటి నూనెలు

కొబ్బరి నూనెని తక్కువ చేసి చెప్పాలని కాదు. 2004లో ఫిలిప్పీన్స్ డాక్టర్లు ప్రచురించిన ఒక చిన్న పరీక్షలో పొడిచర్మం ఉన్నవాళ్లకి రెండు వారాలు రాస్తే వర్జిన్ కొబ్బరి నూనె, మినరల్ ఆయిల్ (పెట్రోలియం నుంచి తీసే నూనె) దాదాపు సమానంగా పనిచేశాయి. ఓ మాదిరి పొడిదనానికి, ఖర్చు లేకుండా, ఒళ్లంతా రాయడానికి కొబ్బరి నూనె మంచిదే. 24 డిగ్రీల కంటే కిందకి పోతే గడ్డకడుతుంది కాబట్టి చలిలో సీసాని వేడినీళ్ల చెంబులో పెట్టుకోవాలి, అంతే. నువ్వుల నూనె స్నానానికి ముందు మర్దనకి బాగుంటుంది. అయితే మర్దన చేసి, ఆ మీదట సున్నిపిండితో నలుగు పెట్టి రుద్దేస్తే రాసిన నూనెంతా పిండి పీల్చేసి, గరుకు చర్మం ఇంకా గీరుకుపోతుంది. పండగ రోజు సరే, చలికాలంలో వారం వారం మాత్రం పొడి చర్మానికి నలుగు వద్దు.

ఆలివ్ నూనె ఖరీదైనది కాబట్టి మంచిదనుకుంటాం. 2013లో బ్రిటన్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆలివ్ నూనె చర్మపు పై పొరని బలహీనపరిచినట్టు, పొద్దుతిరుగుడు నూనె అలా చెయ్యనట్టు తేలింది. చేతిలో రెండూ ఉంటే ఏది రాయాలో అడగక్కర్లేదు.

వాజలీన్, యూరియా క్రీములు

హెర్బల్ కోసం వచ్చినవాళ్లు పెట్రోలియం అనగానే ముఖం చిట్లిస్తారు. కానీ మూత పెట్టడంలో పెట్రోలియం జెల్లీని మించింది ఇప్పటికీ లేదు. 1872లో అమెరికాలో పేటెంట్ తీసుకున్న సరుకు, ఇన్నేళ్లయినా చర్మ డాక్టర్లు రాస్తూనే ఉన్నారు. సువాసన లేనిది తీసుకుంటే అలర్జీ రావడం చాలా అరుదు, చవక. దీని ముఖ్యమైన లోపం, దీనికి సొంతంగా నీళ్లు లేవు. ఎండిపోయిన కాలికి రాస్తే ఎండిన గిన్నెకి మూత పెట్టినట్టే. తడి ఆరకముందే రాయాలి. జిడ్డుకి దుమ్ము అంటుకుంటుంది కాబట్టి పగలు బండి మీద తిరిగేవాళ్లకి చికాకు. రాత్రికి వాడుకోవచ్చు.

మడమలు గట్టిపడి బీటలు తీసిన వాళ్లకి మూత ఒక్కటే చాలదు. ఆ గట్టి చర్మాన్ని కరిగించాలి. అక్కడ యూరియా క్రీమ్ పనిచేసినట్టు ఏ మూలికా పని చెయ్యదు. ఒంటికైతే 5 నుంచి 10 శాతం, మడమలకి 20 లేదా అంతకన్నా ఎక్కువ శాతం ఉన్నది. పొలానికి చల్లే యూరియాయేనా అని అమ్మ అడిగింది. పేరు అదే, రసాయనమూ అదే. మన చర్మంలోనే సహజంగా కొంత యూరియా ఉంటుంది, ట్యూబులో ఉన్నది శుద్ధి చేసినది. రక్తం కనిపించే పగులు మీద రాస్తే మాత్రం చుర్రుమంటుంది. ముందు రెండు మూడు రోజులు వాజలీన్‌తో పగులు మూసుకోనిచ్చి తర్వాత మొదలుపెట్టండి. పిల్లలకి డాక్టర్ని అడగకుండా వద్దు.

గ్లిజరిన్, సెరమైడ్లు ఉన్న పెద్ద పంపు డబ్బాల క్రీములు చూడ్డానికి ఏ ఆకర్షణా ఉండవు, పూల బొమ్మలుండవు. ఒళ్లంతా రోజూ రాయడానికి మాత్రం ఇవే సరిపోతాయి. ఎందుకో కింది లెక్క చూడండి.

గ్రాముల లెక్క

చూపుడువేలి మొదటి గీత నుంచి కొస దాకా ట్యూబు పిండితే సుమారు అర గ్రాము. అది వేళ్లతో సహా రెండు అరచేతులంత మేరకి వస్తుంది. పెద్దవాళ్లకి ఒళ్లంతా ఒకసారి రాయాలంటే 20 నుంచి 30 గ్రాములు పడుతుంది. అంటే 75 గ్రాముల ఖరీదైన హెర్బల్ ట్యూబు ఒంటికి రాస్తే మూడు రోజులు. మూడు రోజులకో ట్యూబు కొనలేక, అందరూ చేసే పని బఠాణీ గింజంత తీసి కాలంతా సాగదీయడం, తర్వాత "పనిచెయ్యలేదు" అనుకోవడం. చిన్న ట్యూబు చిన్న చోట్లకి, పెద్ద డబ్బా ఒంటికి. రెండింటికీ ఒకటే కొనాలన్న రూలేమీ లేదు.

రాసే సమయం కూడా క్రీమంత ముఖ్యం. గోరువెచ్చటి నీళ్లు, పది నిమిషాలకి మించని స్నానం, సబ్బు చంకలకీ పాదాలకీ మాత్రమే, తువ్వాలుతో అద్దుకోవడం, మూడు నిమిషాల్లోపు క్రీమ్. అమెరికాలో హీటర్ గదుల్లో, గల్ఫ్‌లో రోజంతా ఏసీలో ఉండే మనవాళ్లకి ఏడాది పొడుగునా ఇదే పాట్లు. అదే మచిలీపట్నం, కాకినాడ వైపు ఉక్కకి చిక్కటి మైనం క్రీమ్ రాస్తే చెమట పట్టి చిరాకేస్తుంది. అక్కడ కొబ్బరి నూనో, పల్చటి గ్లిజరిన్ లోషనో చాలు.

ఏది కొన్నా కొత్తది ముంజేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత మేర, రోజుకి రెండుసార్లు, వారం పాటు రాసి చూడండి. ఒక్కరోజు చూసి వదిలేస్తే ఆలస్యంగా వచ్చే అలర్జీ తెలియదు.

లేబుల్ లేని డబ్బాల జోలికి పోవద్దు. ఒక మేళాలో "వంద శాతం మూలికలు" అని అమ్మిన క్రీమ్ నేను కొన్నాను. రెండు రోజుల్లో దురద మాయం, చర్మం నున్నగా. ఆపిన వారానికి దద్దుర్లు రెట్టింపయ్యాయి. చర్మ డాక్టర్ చూసి స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చన్నారు. మూలికా క్రీమ్ అంత త్వరగా పనిచేస్తే సంతోషించకండి, అనుమానించండి.

చిక్కటి క్రీములు, వాజలీన్ పట్టిన బట్టలకి నిప్పు త్వరగా అంటుకుంటుంది. రాసుకున్న చేతులతో, అదే చీర కొంగుతో స్టౌ దగ్గరికీ దీపం దగ్గరికీ వెళ్లేటప్పుడు జాగ్రత్త. పెద్దవాళ్లు కాళ్లకి రాసుకుని బాత్‌రూమ్ గచ్చు మీద నడవకూడదు, కూర్చున్న చోటే రాసుకోవాలి. షుగర్ ఉన్నవాళ్ల మడమ పగిలితే క్రీముల పరీక్షలు పెట్టుకోకుండా డాక్టర్‌కి చూపించాలి. చలి పోయినా పొడిదనం పోకపోతే, జుట్టు రాలడం, నీరసం కూడా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి.

ఇప్పుడు అమ్మ దగ్గర మూడున్నాయి. స్నానం తర్వాత ఒంటికి గ్లిజరిన్ ఉన్న పంపు డబ్బా. మడమలకి వారానికి మూడు రాత్రులు యూరియా, మిగతా రాత్రులు ఆ ఆకుపచ్చ ట్యూబు, పైన నూలు మేజోళ్లు. పెదాలకి ఫ్రిజ్‌లోని నెయ్యి. ట్యూబుని అడుగు నుంచి చుట్టుకుంటూ వస్తోంది, ఇంకో చలికాలం వచ్చేలా ఉంది. మొన్న అక్క ఫోన్ చేసి ఈసారి ఏ క్రీమ్ పంపమంటావని అడిగితే, "క్రీములు చాల్లే గానీ, మంచి మేజోళ్లు రెండు జతలు పంపు" అంది.